హాల్ లాబొరేటరీ చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

తొంభైల్లో మన ఊళ్ళలో టీవీకి తగిలించి ఆడుకునే చవక వీడియో గేములు గుర్తున్నాయా? పసుపు రంగు క్యాసెట్ పెట్టి, అందులో వందల ఆటలని రాసి ఉంటే నమ్మేసి, తీరా చూస్తే అవే ఇరవై ఆటలు మళ్ళీ మళ్ళీ వచ్చేవి. వాటిలో బెలూన్లు కట్టుకుని ఎగిరే ఆట, గోల్ఫ్, పిన్‌బాల్, ఎఫ్1 కార్ల ఆట ఉండేవి. ఈ నాలుగింటి వెనకా ఉన్నది జపాన్‌లోని ఒకే చిన్న కంపెనీ, హాల్ లాబొరేటరీ. దాని గురించి తెలుగులో అడిగితే చెప్పేవాళ్ళు దొరకరు. అందుకే నన్ను చాలామంది అడిగినవి, నేను చదువుకుని తెలుసుకున్నవి ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

హాల్ అంటే మన హిందుస్తాన్ ఏరోనాటిక్స్ కదా?

కాదు. ఇంగ్లిష్‌లో అక్షరాలు ఒకటే, హెచ్, ఎ, ఎల్. హైదరాబాద్ వాళ్ళకి ఆ మూడు అక్షరాలు వింటే బాలానగర్ గుర్తొస్తుంది, అది సహజమే. జపాన్ హాల్‌కి విమానాలతో ఏ సంబంధం లేదు. ఐ.బి.ఎం. అనే పేరులో ఒక్కో అక్షరానికి ముందున్న అక్షరం తీసుకుంటే హెచ్.ఎ.ఎల్. వస్తుంది. ఐకి ముందు హెచ్, బికి ముందు ఎ, ఎంకి ముందు ఎల్. ఆ పెద్ద కంపెనీ కన్నా ఒక అడుగు ముందుంటాం అన్నది ఆ కుర్రవాళ్ళ ధీమా.

ఎప్పుడు మొదలైంది? ఎవరు పెట్టారు?

1980 ఫిబ్రవరి 21న, టోక్యోలో. టోక్యోలోని ఇకెబుకురోలో సెయిబు అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉంది. అక్కడి కంప్యూటర్ల విభాగం చుట్టూ కొందరు పిచ్చి కుర్రాళ్ళు చేరేవారు. అప్పట్లో ఇంట్లో కంప్యూటర్ ఉండటం అరుదు కాబట్టి షాపులో పెట్టిన వాటి మీదే ప్రోగ్రాములు రాసుకునేవారు, ఒకరికొకరు చూపించుకునేవారు. వాళ్ళలో కొందరు కలిసి అకిహబారాలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఆ షాపులో పనిచేసే మనిషే కంపెనీ పెడదామని పిలిచాడు. ఆ గుంపులో ఒక కాలేజీ కుర్రాడు పార్ట్‌టైమ్‌గా చేరాడు. అతని పేరు సతోరు ఇవాటా.

ఇవాటా అంటే జపాన్ గేముల కంపెనీ నింటెండోకి అధ్యక్షుడైన ఇవాటాయేనా?

అవును, ఆయనే. 1959 డిసెంబరు 6న సప్పోరోలో పుట్టారు. హైస్కూల్లోనే ఒక ప్రోగ్రామబుల్ క్యాలిక్యులేటర్ కొనుక్కుని దాని మీద ఆటలు రాసి పక్క బెంచీ మిత్రుడితో ఆడించేవారు. తర్వాత టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కంప్యూటర్ సైన్స్ చదివారు.

1982లో చదువు పూర్తయ్యాక పెద్ద కంపెనీల వైపు చూడకుండా హాల్‌లోనే ఉద్యోగంలో చేరారు. అప్పటికి అక్కడున్నది వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఇవాటా తండ్రి హొక్కాయిడోలో మురోరాన్ నగరానికి మేయర్. మంచి కాలేజీలో చదివిన కొడుకు పేరూ ఊరూ లేని కంపెనీలో చేరాడని ఆయన ఆరు నెలలపాటు కొడుకుతో మాట్లాడలేదు. ఇది చదివినప్పుడు నాకు మన ఇళ్ళే గుర్తొచ్చాయి. ఇంజనీరింగ్ అయిపోయాక 'గేములు చేస్తాను నాన్నా' అంటే మన దగ్గరా ఇల్లంతా టెన్షనే కదా.

మొదట్లో ఆటలే చేసేవారా?

ముందు చేసింది కంప్యూటర్‌కి తగిలించే చిన్న పరికరం. అప్పటి జపాన్ కంప్యూటర్లు స్క్రీన్ మీద ముందే నిర్ణయించిన అక్షరాలు, గుర్తులు మాత్రమే చూపించేవి. ఆటకి కావలసిన బొమ్మ వేయాలంటే కుదిరేది కాదు. ఆ అక్షరాల స్థానంలో మనకు కావలసిన బొమ్మలు పెట్టుకునేలా హాల్ ఒక పరికరం తయారుచేసి అమ్మింది. దానితో జనం ఇంట్లో ఆర్కేడ్ ఆటల్లాంటివి, అంటే షాపుల్లో నాణెం వేసి ఆడే మిషన్ల ఆటల్లాంటివి, చేసుకోగలిగారు. హాల్ వాళ్ళూ నామ్కో అనే గేముల కంపెనీ ఆటల్లాంటివి చేశారు, ఆ తర్వాత నామ్కో దగ్గర అనుమతి తీసుకుని చేశారు. కొమొడోర్ కంపెనీ ఇంటి కంప్యూటర్లకీ ఆటలు రాశారు.

నింటెండోతో సంబంధం ఎలా కుదిరింది?

1983 జూలై 15న నింటెండో ఫ్యామికామ్ అనే గేమ్ మిషన్ విడుదల చేసింది. మన ఊళ్ళకి వచ్చిన చవక గేములన్నీ దానికి నకళ్ళే. ఇవాటా ఆ మిషన్‌ని చూసి, ఇది లోకాన్ని మార్చేస్తుందని నమ్మి, క్యోటోకి వెళ్ళి నింటెండోని పని అడిగారు.

ఇక్కడ అదృష్టం కూడా కలిసొచ్చింది. జపాన్‌లో అప్పట్లో ఎక్కువమంది ప్రోగ్రామర్లకి తెలిసిన ప్రాసెసర్ జెడ్80. ఫ్యామికామ్‌లో ఉన్నదేమో 6502 కుటుంబానికి చెందిన చిప్. ఇవాటా కొనుక్కున్న మొదటి కంప్యూటర్ కొమొడోర్ పెట్, అందులో ఉన్నదీ 6502యే. అంటే మిగతావాళ్ళు ఓనమాలు దిద్దుకుంటుండగా ఆయన దాని మూలమూలలూ తెలిసినవాడిగా కూర్చున్నారు. 1984లో పిన్‌బాల్, గోల్ఫ్, ఎఫ్1 రేస్ వరసగా వచ్చాయి.

గోల్ఫ్ గురించి ఒక మాట చెప్పాలి. 18 హోల్స్ మైదానం మొత్తం అంత చిన్న క్యాసెట్‌లో పట్టదని వేరేవాళ్ళు వదిలేసిన పని అది. ఇవాటా డేటాని కుదించే పద్ధతి సొంతంగా కనిపెట్టి పట్టించారు. ఆ ఆటలో బటన్ నొక్కితే కడ్డీ మీద గుర్తు కదలడం, మళ్ళీ నొక్కితే బలం, ఇంకోసారి నొక్కితే దెబ్బ కుదరడం చూసే ఉంటారు. తర్వాత వచ్చిన గోల్ఫ్ గేములు ఎన్నో దాన్నే పట్టుకున్నాయి.

బెలూన్ ఫైట్‌లో అంత గొప్పతనం ఏముంది?

ఫ్యామికామ్‌లో అది 1985 జనవరిలో వచ్చింది. రెండు బెలూన్లు కట్టుకున్న మనిషి చేతులు ఊపుకుంటూ గాల్లో తేలుతాడు, ఎదుటివాడి బెలూన్ పగలగొట్టాలి, కిందికి దిగితే చేప మింగేస్తుంది. మా పెద్దమ్మ వాళ్ళింట్లో వేసవి సెలవులన్నీ ఆ ఆటతోనే గడిచాయి. ఆ తేలడంలో ఏదో ఉందని అప్పుడే అనిపించేది. ఏముందో పాతికేళ్ళ తర్వాత తెలిసింది.

స్క్రీన్ మీద ప్రతి బొమ్మా ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి జరుగుతుంది. చుక్కకీ చుక్కకీ మధ్య స్థానం లేదు. చాలా ఆటలు లెక్క కూడా అలాగే పూర్ణాంకాల్లో వేసేవి, దాంతో కదలిక కుదుపుగా ఉండేది. ఇవాటా లెక్కని దశాంశాల దాకా తీసుకెళ్ళారు. స్క్రీన్ మీద మనిషి ఒక చుక్క దగ్గరే కనిపిస్తున్నా, లోపల లెక్కలో అతను సగం చుక్క, పావు చుక్క జరుగుతూనే ఉంటాడు. బరువు, వేగం, గాలి అన్నీ మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతాయి. అందుకే ఆ బెలూన్ మనిషి నిజంగా తేలుతున్నట్టు ఉంటాడు.

ఇదే ఆటకి ఆర్కేడ్ రూపం చేస్తున్న తొషిహికో నకాగో, మీ దాంట్లో ఇంత నున్నగా ఎలా కదులుతోందని ఇవాటాని అడిగారు. ఇవాటా దాచుకోకుండా చెప్పేశారు. ఆ పద్ధతే సూపర్ మారియో బ్రదర్స్‌లో మారియో నీళ్ళలో ఈదే చోటికి వెళ్ళింది. ఆ నీళ్ళ దశని ఆడిన ప్రతి ఒక్కరూ హాల్ పనితనాన్ని చేత్తో పట్టుకున్నట్టే.

మన దగ్గర దొరికిన క్యాసెట్లు హాల్ అమ్మినవేనా?

కాదు. అవి అనుమతి లేకుండా చేసిన నకళ్ళు. వాటి మీద హాల్‌కి గానీ నింటెండోకి గానీ ఒక్క పైసా వెళ్ళలేదు. చాలావాటిలో మొదటి స్క్రీన్ మీది కంపెనీ పేరు కూడా తీసేసేవారు. మనకి ఆటలు తెలిసి, చేసినవాళ్ళు తెలియకపోవడానికి కారణం అదే. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కిర్బీ ఎలా పుట్టింది?

కిర్బీ అంటే హాల్ ఆటల్లోని గుండ్రటి పాత్ర. అది మసహిరో సకురాయ్ అనే 19 ఏళ్ళ కుర్రాడి ఆలోచన. 1970లో పుట్టారు, హాల్‌లో చేరేనాటికి పద్దెనిమిది దాటి ఎంతో కాలం కాలేదు. నింటెండో వారి చేతిలో పట్టుకుని ఆడే మిషన్ గేమ్ బాయ్‌కి కొత్త ఆట కావాలి, అది ఆటలు అలవాటు లేనివాళ్ళు కూడా ఆఖరి దాకా వెళ్ళగలిగేలా ఉండాలి అన్నది ఆయనకి ఇచ్చిన పని. అప్పటి ఆటలు చాలా కఠినంగా ఉండేవి. మూడు ప్రాణాలు పోతే మళ్ళీ మొదటికి. సకురాయ్ చేసిన ఆటలో మనం గుంతలో పడబోతుంటే గాలి పీల్చుకుని పైకి ఎగరొచ్చు. ఎన్నిసార్లయినా. శత్రువుని మింగి, వాడినే ఇంకో శత్రువు మీదికి ఊదొచ్చు. చేయి తిరిగినవాళ్ళ కోసం ఆఖర్లో కష్టమైన ఆటని విడిగా పెట్టారు.

ఆ గుండ్రటి బొమ్మ నిజానికి తాత్కాలికం. అసలు పాత్ర బొమ్మ తయారయ్యేదాకా పని నడవాలని పెట్టిన ఉండ. ఆడుతూ ఆడుతూ సకురాయ్‌కి అదే నచ్చేసింది, ఉంచేశారు. పని చేసిన తీరు ఇంకా ఆశ్చర్యం. కీబోర్డు కూడా లేకుండా, ఫ్యామికామ్ మీదే, ట్రాక్‌బాల్ (మౌస్ బదులు వేళ్ళతో తిప్పే బంతి) తిప్పుతూ ఒక్కో విలువా ఎంచుకుంటూ ఆట కట్టారు. అప్పట్లో అలాగే చేస్తారేమో అనుకున్నానని ఆయనే తర్వాత చెప్పారు.

మొదట పెట్టిన పేరు ట్వింకిల్ పోపో. హాల్ సొంతంగా అమ్ముదామనుకుంది, ప్రకటనలు కూడా సిద్ధం. ముందస్తు ఆర్డర్లు 26,000 వచ్చాయి. అప్పుడు మారియోని సృష్టించిన నింటెండో డిజైనర్ షిగేరు మియామోటో చూసి, ఇంకొంచెం మెరుగుపెడితే ఇది చాలా బాగుంటుంది, ఆపండి అన్నారు. వచ్చిన ఆర్డర్లు వదులుకుని ఆపడం చిన్న విషయం కాదు, మార్కెట్లో తలవంపులు. అయినా ఆపారు. 1992 ఏప్రిల్ 27న కిర్బీస్ డ్రీమ్ ల్యాండ్‌గా నింటెండో విడుదల చేసింది. 50 లక్షలకు పైగా అమ్ముడైంది.

కిర్బీ అన్న పేరు ఎక్కడిది? రంగు గులాబీయా తెలుపా?

1980ల్లో డాంకీ కాంగ్ మీద యూనివర్సల్ స్టూడియో వేసిన కేసులో నింటెండో తరఫున వాదించి గెలిచిన అమెరికా లాయరు జాన్ కిర్బీ. పరిశీలించిన పేర్ల జాబితాలో ఆయన పేరూ ఉంది. ఆయన 2019లో కన్నుమూశారు.

రంగు సంగతికొస్తే, సకురాయ్ గులాబీ అనుకున్నారు, మియామోటో పసుపు అనుకున్నారు. గేమ్ బాయ్ స్క్రీన్‌లో రంగులే లేవు కాబట్టి ఎవరికీ తెలియలేదు. అమెరికాలో అట్టపెట్టె మీద తెల్లగా వేసేశారు. 1993లో ఫ్యామికామ్‌కి కిర్బీస్ అడ్వెంచర్ వచ్చాక గులాబీ ఖాయమైంది. మింగిన శత్రువు శక్తి కిర్బీకి రావడం కూడా ఆ ఆటతోనే మొదలైంది.

అంత పెద్ద హిట్ వచ్చిన ఏడాదే కంపెనీ దివాలా అంచుకి ఎందుకు వచ్చింది?

ఎందుకంటే అప్పు అంతకు ముందే పేరుకుపోయింది. కంపెనీ ఆటల నాణ్యత కన్నా సంఖ్య మీద పడింది. యమనాషిలో భవనం కట్టింది. మెటల్ స్లేడర్ గ్లోరీ అనే సాహస కథా గేమ్‌కి నాలుగేళ్ళు పట్టింది. బొమ్మలు చూస్తే కళ్ళు తిప్పుకోలేం, కానీ 1991లో అది వచ్చేనాటికి జనం నింటెండో తర్వాతి మిషన్ సూపర్ ఫ్యామికామ్‌కి మారిపోయారు. పెట్టింది తిరిగి రాలేదు. 1992లో కంపెనీ కోర్టు మెట్లెక్కింది. అప్పు 150 కోట్ల యెన్లు.

నింటెండో అధినేత హిరోషి యమౌచి ఆదుకుంటానన్నారు, కానీ ఇవాటా అధ్యక్షుడు కావాలన్నది ఆయన షరతు. అలా 1993లో, 33 ఏళ్ళ వయసులో, కంపెనీ నడపడంలో ఏ అనుభవమూ లేని ప్రోగ్రామర్ చేతికి మునిగిపోతున్న పడవ వచ్చింది.

మరి ఆ అప్పు ఎలా తీర్చారు?

హాల్ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనది ఈ భాగమే.

ఇవాటా ముందు చేసిన పని మనుషులతో మాట్లాడటం. అప్పుడున్న ఎనభై, తొంభై మందితో ఒక్కొక్కరితో విడిగా కూర్చున్నారు. కొందరితో ఇరవై నిమిషాలు, కొందరితో మూడు గంటలు. రోజూ కలిసి పనిచేసిన వాళ్ళే అయినా, కూర్చుని అడిగితే తప్ప బయటికి రాని విషయాలు ఎన్నో ఉన్నాయని అప్పుడు అర్థమైందట. ఒకసారితో ఆపలేదు. ఏడాదికి రెండుసార్లు, తను అధ్యక్షుడిగా ఉన్నంతకాలం చేశారు. మేనేజర్ ముఖం ఏడాదికోసారి అప్రైజల్ రోజున మాత్రమే చూసే ఉద్యోగాలు చేసినవాళ్ళకి ఈ మాట విలువ తెలుస్తుంది.

రెండోది, మనం ఏది బాగా చేస్తాం, ఏది చేస్తే మిగతావాళ్ళకన్నా తేడా కనిపిస్తుంది అని చూసి ఆ పనులే ఎంచుకున్నారు. ఆటల సంఖ్య తగ్గింది, ఒక్కోదానికి పెట్టే శ్రద్ధ పెరిగింది. తను ప్రోగ్రాములు రాయడం మానలేదు. అందరికన్నా కష్టమైన చిక్కు ఎక్కడుంటే అక్కడ తనే కూర్చునేవారు. కళ్ళముందే చిక్కు విప్పే మనిషి చెప్పిన నిర్ణయాన్ని జట్టు ఒప్పుకోవడం తేలిక.

150 కోట్ల యెన్ల అప్పు ఆరేళ్ళలో తీరిపోయింది. కిర్బీ ఆటలు ఆదుకున్నాయి, నిజమే. కానీ కిర్బీ ఉన్నా కంపెనీ ఒకసారి మునిగిందని మరిచిపోకూడదు.

మదర్ 2ని ఇవాటా ఒక్కరే కాపాడారంటారు, నిజమా?

ఒక్కరే కాదు, కానీ దారి చూపింది ఆయనే. రచయిత షిగెసాతో ఇతోయ్ రూపొందించిన ఆ ఆట నాలుగేళ్ళుగా ముందుకు కదలక ఆగిపోయింది. సాయానికి వెళ్ళిన ఇవాటా చెప్పిన మాట ప్రసిద్ధం: ఉన్నదాన్నే సరిచేయాలంటే రెండేళ్ళు పడుతుంది, మొదటినుంచి రాస్తే ఆరు నెలలు చాలు. ఏది కావాలో మీరే చెప్పండి అన్నారు. కొత్తగా రాయడానికే ఒప్పుకున్నారు. ముందు జట్టులో అందరూ వాడుకునే పనిముట్లు తయారుచేశారు, దాంతో ఎవరి పని కోసం ఎవరూ ఎదురుచూడక్కర్లేకపోయింది. ఆరు నెలల్లో ఆట మొత్తం నడిచింది, ఇంకో ఆరు నెలలు మెరుగులకి పోయాయి. 1994 ఆగస్టు 27న విడుదలైంది. అమెరికాలో ఎర్త్‌బౌండ్ పేరుతో వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు దాని పాత క్యాసెట్ కోసం పోటీలు పడుతున్నారు.

పోకెమాన్‌తో హాల్‌కి ఏం పని?

పోకెమాన్ గేమ్ ఫ్రీక్ సంస్థది. ఆ ఆటలోని పోరు విధానాన్ని నింటెండో 64 అనే గేమ్ మిషన్‌కి తీసుకురావాల్సి వచ్చినప్పుడు వివరించే పత్రాలేవీ లేవు. ఇవాటా అసలు ప్రోగ్రామ్‌నే చదివి, వారంలో మార్చేశారు. అది రాసిన షిగెకి మొరిమోటో, ఇదేం కంపెనీ అధ్యక్షుడు అని విస్తుపోయారు. గోల్డ్, సిల్వర్ ఆటల్లో బొమ్మలు కుదించే పనిముట్టు కూడా ఇవాటాదే. 1999లో పోకెమాన్ స్నాప్‌ని హాల్ తయారుచేసింది.

స్మాష్ బ్రదర్స్ హాల్ ఆటేనా?

మొదటి రెండూ హాల్‌వే. హాల్ స్టూడియో యమనాషిలో ర్యువో అనే ఊళ్ళో ఉండేది, ఇప్పుడది కాయ్ నగరంలో కలిసిపోయింది. ఆ ఊరి పేరుకి అర్థం డ్రాగన్ రాజు. సకురాయ్, ఇవాటా కలిసి చేసిన నమూనా ఆటకి ఆ ఊరి పేరే పెట్టారు. సకురాయ్ ఆట తీరు, బొమ్మల పని చూసుకుంటే, ఇవాటా శని ఆదివారాల్లో ప్రోగ్రాము రాసేవారు. నలుగురు కలిసి కొట్టుకునే ఆట, క్లిష్టమైన బటన్ల వరసలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఎదుటివాడిని వేదిక బయటికి తోసేస్తే చాలు.

ఎవరో తెలియని పాత్రలు కొట్టుకుంటే జనం చూడరని సకురాయ్‌కి అర్థమైంది. అందుకని నింటెండో పాత్రలైన మారియో, డాంకీ కాంగ్, సేమస్, ఫాక్స్‌లని ముందుగా అడగకుండానే నమూనాలో పెట్టి, బాగా మెరుగుపెట్టాకే చూపించారు. నింటెండో వాళ్ళు ఒప్పుకున్నారు. 1999 జనవరి 21న విడుదలై 50 లక్షలు దాటింది.

రెండోది, మెలీ, 2001 నవంబరులో. 13 నెలల్లో కట్టిన ఆట. గడువుకి పూర్తికాదేమోనన్న పరిస్థితిలో, అప్పటికే నింటెండోలో ఉన్న ఇవాటా యమనాషి వచ్చి మూడు వారాలు లోపాలు సరిచేస్తూ కూర్చున్నారు. ప్రోగ్రామర్‌గా ఆయన చివరి పని అదే.

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక ఏమైంది?

ఇవాటా 2000లో నింటెండోలో చేరి, 2002 మేలో అధ్యక్షులయ్యారు. యమౌచి కుటుంబం బయటి మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. సకురాయ్ 2003లో హాల్ వదిలేశారు.

తర్వాత కొన్నేళ్ళు హాల్‌కి కష్టంగానే నడిచాయి. పెద్ద తెర మీద మామూలు కిర్బీ ఆట 2000లో వచ్చింది, దాని తర్వాతది 2011లో గానీ రాలేదు. మధ్యలో మూడు ప్రయత్నాలు చేసి, నచ్చక పక్కన పెట్టేశారు. పదకొండేళ్ళు. చివరికి నింటెండో వారి వీ (Wii) మిషన్‌కి నలుగురు కలిసి ఆడే ఆట వచ్చింది. ఆ పనిని నడిపించిన షిన్య కుమజాకి ఇప్పటికీ కిర్బీ బాధ్యత చూస్తున్నారు.

పూర్తి 3డి కిర్బీ రావడానికి 30 ఏళ్ళు ఎందుకు పట్టింది?

కారణం వింటే నవ్వొస్తుంది గానీ అసలు చిక్కు అదే: కిర్బీ ఉండలా ఉంటుంది. వెనక నుంచి చూస్తే ఏ వైపు తిరిగి ఉందో తెలియదు. దూరం అంచనా దొరక్క, కొట్టిన దెబ్బ తగలదు, దూకితే జారి పడతారు. కొత్తవాళ్ళు కూడా ఆడగలగాలన్న మొదటి మాటకే అది విరుద్ధం. 2022 మార్చి 25న వచ్చిన కిర్బీ అండ్ ది ఫర్‌గాటెన్ ల్యాండ్‌లో దీనికి మందు వేశారు. చూసేవాడి కంటికి దెబ్బ తగిలినట్టు కనిపిస్తే తగిలినట్టే లెక్క. నేలమీద దిగకముందే తొందరపడి బటన్ నొక్కినా దూకనిస్తుంది. ఆడేవాళ్ళకి ఈ సాయం జరుగుతోందని తెలియను కూడా తెలియదు. కిర్బీ ఆటల్లో ఎక్కువ అమ్ముడైనది ఇదే.

హాల్ నింటెండో సొంతమా?

విడి కంపెనీయే. కిర్బీ హక్కులు ఇద్దరివీ, అందుకే అట్టమీద రెండు పేర్లూ ఉంటాయి. కిర్బీ టీవీ కార్టూన్ కోసం 2001లో ఇద్దరూ కలిసి వార్ప్‌స్టార్ అనే సంస్థ పెట్టారు.

లోగోలో కుక్క గుడ్లు పొదగడం ఏమిటి?

1998 నుంచి ఉన్న బొమ్మ అది. కలవని రెండు కలిస్తే కొత్తది పుడుతుందని భావం.

నింటెండో గేమ్ మిషన్ స్విచ్‌లో ఇవాటా ఆట దాచారని విన్నాను.

నిజమే. ఇవాటా 2015 జూలై 11న 55 ఏళ్ళకే చనిపోయారు. 2017లో వచ్చిన స్విచ్‌లో ఫ్యామికామ్ గోల్ఫ్ దాచి ఉందని అదే ఏడాది కొందరు కనిపెట్టారు. జూలై 11న, ఇవాటా వీడియోల్లో రెండు చేతులూ ముందుకు చాపే తీరులో కంట్రోలర్లని కదిపితే అది తెరుచుకునేది. తర్వాతి అప్‌డేట్‌లో తీసేశారు. ఎవరు పెట్టారో, ఎందుకో నింటెండో చెప్పలేదు.

ఇప్పుడు మొదలుపెట్టాలంటే ఏది ఆడాలి?

నింటెండో స్విచ్ ఆన్‌లైన్ చందా ఉంటే బెలూన్ ఫైట్, కిర్బీస్ డ్రీమ్ ల్యాండ్, కిర్బీస్ అడ్వెంచర్, ఎర్త్‌బౌండ్ అన్నీ అందులోనే దొరుకుతాయి. ఐదారేళ్ళ పిల్లలుంటే ఫర్‌గాటెన్ ల్యాండ్ తీసుకోండి, రెండో కంట్రోలర్ మీరు పట్టుకోవచ్చు. పెద్దవాళ్ళకైతే నా మాట కిర్బీస్ అడ్వెంచర్. పాత ఫ్యామికామ్ చేత ఎంత పని చేయించవచ్చో అందులో కనిపిస్తుంది. బెలూన్ ఫైట్ మాత్రం ఒంటరిగా ఆడకండి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి. చిన్నప్పుడు ఎవరితో ఆడారో వాళ్ళే దొరికితే మరీ మంచిది.